పంచాయతీ ఏడాది లెక్క చదవడం ఎలా?

పొలం లెక్క ప్రతి రైతూ వేసుకుంటాడు. విత్తనానికి ఎంత, ఎరువుకు ఎంత, కూలికి ఎంత, చివరికి చేతికొచ్చింది ఎంత అన్నది కాగితం మీద రాయకపోయినా నోటిమీద చెప్పగలడు. కాని తాను కట్టిన ఇంటి పన్ను, తన ఊరి పేరిట వచ్చిన ప్రభుత్వ సొమ్ము ఏడాదిలో ఏమైందని అడిగితే మాత్రం ‘అది మనకెందుకులే, పెద్దలు చూసుకుంటారు’ అంటాడు. ఈ ‘మనకెందుకులే’ వల్ల ఎక్కువగా నష్టపోయేది ఎకరం, రెండెకరాల రైతే. పెద్ద రైతు డొంక బాగులేకపోతే సొంత ఖర్చుతో మట్టి తోలించుకుంటాడు. కుళాయి రాకపోతే బోరు వేయించుకుంటాడు. చిన్న రైతుకు ఆ వీలు లేదు. అతనికి పంచాయతీయే దిక్కు.

చట్టం ఏమంటుంది?

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చింది. దాని తర్వాత మన రాష్ట్రంలో 1994లో పంచాయతీరాజ్ చట్టం చేశారు. ఈ చట్టం ప్రకారం ఊళ్ళో ఓటరుగా నమోదైన ప్రతివారూ గ్రామసభలో సభ్యులే. గడచిన సంవత్సరపు జమాఖర్చులు, ఆడిట్ నివేదిక, ఏడాది పాలన మీద నివేదిక, రాబోయే ఏడాది చేయవలసిన పనులు, కొత్తగా వేయదలచిన పన్నులు, ఇవన్నీ గ్రామసభ ముందు పెట్టాలి. అంటే లెక్క అడగడం తగాదా పెట్టుకోవడం కాదు, చట్టం మీకిచ్చిన పని. పొరుగున తెలంగాణలో 2018 చట్టం రెండు నెలలకొకసారి గ్రామసభ జరపాలని చెబుతోంది. మన రాష్ట్రంలో 2024 ఆగస్టు 23న అన్ని పంచాయతీలలోనూ ఒకే రోజున గ్రామసభలు పెట్టారు. సభ పెట్టడం ఒక ఎత్తు, సభలో మీరు నోరు తెరవడం ఒక ఎత్తు.

సొమ్ము ఎక్కడినుంచి వస్తుంది?

పంచాయతీకి వచ్చే సొమ్మును రెండు భాగాలుగా చూడండి. మొదటిది సొంత ఆదాయం. ఇంటి పన్ను, కుళాయి రుసుము, సంత ఆశీలు, పంచాయతీ చెరువులో చేపల వేలం, బందెలదొడ్డి రుసుము వంటివి ఇందులోకి వస్తాయి. రెండోది పైనుంచి వచ్చే గ్రాంటు. దీనిలో ముఖ్యమైనది ఆర్థిక సంఘం సొమ్ము.

15వ ఆర్థిక సంఘం 2021-22 నుంచి 2025-26 వరకు ఇచ్చిన గ్రాంటులో ఒక నియమం ఉంది. నూటికి 60 రూపాయలు తాగునీటికి, పారిశుద్ధ్యానికే వాడాలి. ఇందులో సగం తాగునీరు, వాననీటి నిల్వ, వాడిన నీటిని తిరిగి వాడుకోవడం కోసం. మిగతా సగం పారిశుద్ధ్యం కోసం. తక్కిన 40 రూపాయలు ఊరి అవసరాన్ని బట్టి ఖర్చు చేసుకోవచ్చు కాని జీతాలకు, ఆఫీసు ఖర్చులకు వాడకూడదు.

ఒక పంచాయతీకి ఈ లెక్కన ఒక ఏడాదిలో 10 లక్షలు వచ్చాయనుకుందాం. 3 లక్షలు నీటి పనులకు, 3 లక్షలు పారిశుద్ధ్యానికి పోగా 4 లక్షలు మిగులుతాయి. పొలాలకు పోయే డొంక మీద మట్టి వేయాలన్నా, తూము కట్టాలన్నా ఆ 4 లక్షలలోంచే అడగాలి. వాననీరు ఇంకే గుంటలు కావాలంటే నీటి వాటా 3 లక్షలలోంచి అడగవచ్చు. ఏ పని ఏ పద్దు కిందికి వస్తుందో తెలిసి అడిగితే ‘నిధులు లేవు’ అన్న ఒక్క మాటతో మిమ్మల్ని పంపించడం కష్టం. గడచిన ఆ ఐదేళ్ళ లెక్కలు అడిగేటప్పుడు ఈ వాటాలు గుర్తుపెట్టుకోండి. కొత్త ఏడాది సొమ్ముకు నియమం ఏమిటో పంచాయతీ కార్యదర్శిని అడిగి తెలుసుకోండి.

ఖర్చు వేరు, ప్రగతి వేరు

ఏడాది నివేదికలో ‘ఇన్ని లక్షలతో ఇన్ని పనులు పూర్తి’ అని ఉంటుంది. ఎరువు ఎక్కువ వేసినంత మాత్రాన దిగుబడి వచ్చినట్టు కాదు కదా! పని వల్ల ఊరికి ఏం ఒరిగిందన్నదే చూడాలి. ఇందుకు కొన్ని కొలతలు మీరే వేసుకోవచ్చు.

కుళాయి నీరు: 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్ లెక్క ప్రకారం మనిషికి రోజుకు 55 లీటర్ల నీరు అందాలి. ఐదుగురున్న ఇంటికి 275 లీటర్లు, అంటే 15 లీటర్ల బిందెలు సుమారు 18. వారం రోజులు మీ ఇంట్లో బిందెలు లెక్కపెట్టండి. ఊరి చివర ఇంట్లో కూడా లెక్కపెట్టించండి. ట్యాంకు పక్క ఇంటికి నిండుగా వచ్చి, చివరి వీధికి రాకపోతే ఆ పని పూర్తయినట్టు కాదు.

నీటి శుభ్రత: క్లోరిన్ కలిపిన నీటిలో చివరి కుళాయి దగ్గర కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. పరీక్ష చేసే చిన్న పెట్టె ఉంటుంది. ట్యాంకు చివరిసారి ఎప్పుడు కడిగారు, ఈ పరీక్ష ఎప్పుడు చేశారు అని అడగండి.

చెత్త షెడ్డు: చెత్త నుంచి ఎరువు తయారు చేయడానికి చాలా ఊళ్ళలో షెడ్లు కట్టారు. షెడ్డు కట్టడం ఖర్చు. వర్మీకంపోస్టు తయారై రైతు పొలానికి చేరడం ప్రగతి. ఏడాదిలో ఎన్ని కిలోలు తయారైంది, ఎవరికి, ఏ ధరకు ఇచ్చారన్నది రైతుగా మీరు తప్పక అడగవలసిన ప్రశ్న.

మురుగు కాలువ: పొడవు ఎన్ని మీటర్లని మాత్రమే చూడకండి. ఆ నీరు చివరకు ఎక్కడికి పోతోంది? పల్లంలో ఉన్న ఒక పేద రైతు చేలోకి పోతుంటే ఒక వీధి బాధను అతని నెత్తికెత్తినట్టే.

అడిగే పద్ధతి

సభలో కోపంగా కేకలు వేస్తే విషయం పక్కకు పోతుంది. పదిమంది చిన్న రైతులు ముందుగా కూర్చుని రెండు మూడు పనులే ఎంచుకోండి. వాటిని కాగితం మీద రాసి సర్పంచికి, కార్యదర్శికి ఇచ్చి, తీర్మానాల పుస్తకంలో రాయించండి. ఏం రాశారో చదివి వినిపించమనండి. ఖాళీ పేజీ మీద సంతకం గాని, వేలిముద్ర గాని వేయకండి. మీ ఇంటి ఆడవాళ్ళను కూడా సభకు తీసుకెళ్ళండి. నీటి కష్టం వాళ్ళు చెప్పినంత సూటిగా మనం చెప్పలేం.

లెక్క చూపించకపోతే సమాచార హక్కు చట్టం, 2005 ఉంది. మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుము లేదు. 30 రోజుల్లోగా జవాబు ఇవ్వాలి. ‘మొత్తం లెక్కలన్నీ ఇవ్వండి’ అని రాయకుండా ఏ ఏడాది, ఏ పని, ఎంత కొలత, ఎవరికి ఎంత చెల్లించారు అని స్పష్టంగా రాయండి. 2020లో మొదలైన ఈ-గ్రామ్‌స్వరాజ్‌లో మీ పంచాయతీ ప్రణాళిక, చెల్లింపుల వివరాలు కూడా చూడవచ్చు. చదువుకున్న పిల్లలున్న ఇంట్లో సెల్‌ఫోన్‌లోనే తీసి చూపిస్తారు.

మన వంతు కూడా ఉంది. ఇంటి పన్ను బకాయి పెట్టి లెక్క అడిగితే మాటకు బలం ఉండదు. వరంగల్ జిల్లా గంగదేవిపల్లికి పేరు రావడానికి ఒక్కొక్క పనికి ఒక్కొక్క కమిటీ వేసుకుని ఊరివారే చూసుకోవడం, పన్నులు సక్రమంగా కట్టడం ముఖ్య కారణాలు.

గ్రామసభకు వెళ్ళేముందు

• ఇంటి పన్ను రసీదు దగ్గర పెట్టుకోండి.
• నిరుటి తీర్మానాల్లో ఎన్ని అమలయ్యాయో చూడండి.
• పూర్తయిందన్న ప్రతి పనినీ వెళ్ళి కళ్ళారా చూసి రండి.
• ఈ ఏడాది కావలసిన పనులు మూడు దాటకుండా రాసుకోండి.

నాట్ల రోజుల్లోనో, కోతల రోజుల్లోనో సభ పడితే కూలి పోతుందని మానేయకండి. ఇంటికొకరు వెళ్ళినా చాలు. ఆ ఒక్క పూట మీరు లేకపోతే డొంక మీద బురద ఇంకో ఏడాది అలాగే ఉంటుంది.