పాల లెక్కల పట్టిక: గడులు గీసేనాడే జాగ్రత్త

రెండు పూటలా కేంద్రంలో పాలు పోసినప్పుడు సభ్యుని నంబరు, లీటర్లు, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్. చీటీపై వస్తాయి. పూర్వం ఈ వివరాలు కార్యదర్శి రిజిస్టరులోనే ఉండేవి. అనేక సంఘాల లెక్కలను ఒకే చోట, 'క్లౌడ్ డేటా వేర్‌హౌస్'లో దాచే వీలు నేడు కలదు. అంటే దూరాన ఉన్న కంప్యూటర్లలో ఇంటర్నెట్ ద్వారా అద్దెకు తీసుకునే లెక్కల గోదాము. స్నోఫ్లేక్, గూగుల్ వారి బిగ్‌క్వెరీ, అమెజాన్ వారి రెడ్‌షిఫ్ట్ ఇటువంటివే.

రిజిస్టరులో ముందు గడులు గీసినట్లే, గోదాములోనూ ముందు పట్టిక తయారు చేయాలి. అందుకు 'ఎస్.క్యు.ఎల్.' అనే భాష వాడతారు. 1974లో ఐ.బి.ఎం. సంస్థలో ఛాంబర్లిన్, బాయ్స్ అనే వారు దీనికి రూపమిచ్చారు. 'క్రియేట్ టేబుల్' అని ఆజ్ఞ ఇచ్చి, పట్టిక పేరు, ప్రతి గడి పేరు, అందులో ఏ రకం వివరం ఉండాలో వ్రాస్తారు. ఆ రకం నిర్ణయించడంలోనే సభ్యుని డబ్బు ఇమిడి ఉంది.

1. సభ్యుని నంబరు: దీనిని అక్షరాల రకంగా పెట్టాలి. అంకె రకమైతే 0047 కాస్తా 47 అవుతుంది. పాస్‌బుక్కులోని నంబరుతో కలవదు.

2. తేదీ: 'డేట్' రకం కావాలి. అక్షరాలుగా వ్రాస్తే 2వ తేదీ కంటే 10వ తేదీ ముందు వచ్చి, బిల్లు గడువు లెక్క తారుమారవుతుంది.

3. లీటర్లు, వెన్న, రూపాయలు: 'డెసిమల్' రకం మేలు. డెసిమల్ (8, 2) అంటే మొత్తం 8 అంకెలు, అందులో చుక్క తర్వాత 2. 'ఫ్లోట్' రకం ఉజ్జాయింపుగా దాస్తుంది. అందులో 0.1, 0.2 కలిపితే 0.30000000000000004 రావచ్చు.

4. ఖాళీ ఉండరాని గడికి 'నాట్ నల్' అని వ్రాయాలి. అప్పుడు వెన్న శాతం లేని వరుసను గోదాము తీసుకోదు.

ఇక ముఖ్య విషయం. ఒకే చీటీ రెండుసార్లు ఎక్కకుండా సంఘం, తేదీ, పూట, చీటీ నంబరు కలిపి 'ప్రైమరీ కీ' అని వ్రాస్తారు. మామూలు డేటాబేసు రెండవ వరుసను తిరస్కరిస్తుంది. పైన చెప్పిన మూడు గోదాముల్లోని మామూలు పట్టికలు మాత్రం ఆ మాట వ్రాసుకుంటాయే గాని అమలు చేయవు. కరెంటు పోయి కేంద్రం లెక్కలను మళ్ళీ పంపితే, 6 లీటర్లు 12 కావచ్చు. ఎక్కువగా ఇచ్చిన డబ్బును తరువాతి బిల్లులో కోసినప్పుడు ఇబ్బంది పడేది పాడి రైతే.

కనుక లెక్కలు చూసేవారు 'ఇన్సర్ట్'కు బదులు 'మర్జ్' వాడాలి. చీటీ ముందే ఉంటే సవరిస్తుంది, లేకుంటే చేరుస్తుంది. బిల్లు కట్టే ముందు ఒకటి కంటే ఎక్కువసార్లు వచ్చిన చీటీలు ఏవైనా ఉన్నాయేమో లెక్కించి చూడాలి.

సభ్యులు కూడా చీటీలు భద్రపరచి బిల్లుతో సరిచూసుకోవలెను. తేడా కనబడితే వెంటనే కార్యదర్శికి తెలపండి.