నూనెలో పడిన శనివారపు చేప

మన ఇళ్ళల్లో ఒక తగువు ఎప్పుడూ ఉండేదే. కోడలు వంకాయ కూరలో గోడా మసాలా వేస్తే అత్త "ఇది మన కూరేనా?" అంటుంది. ఊరి నుంచి వచ్చిన చుట్టాలు మన సర్వపిండిని చూసి "థాలీపీఠ్ లెక్క ఉందే" అని నవ్వుతారు. వలసొచ్చి మూడు తరాలైనా ఆ మాట గుచ్చుకుంటూనే ఉంటుంది. అందుకే ఈ నెల చాలా దూరపు వంట ఒకటి మీకు చెప్తాను. అది కూడా వలసవాళ్ళ వంటే, పని చేసుకు బతికేవాళ్ళ వంటే.

దాని పేరు గెఫిల్టె ఫిష్. పోలండ్, లిథువేనియా, ఉక్రెయిన్ దేశాల్లోని యూదుల పాత వంట. వాళ్ళ యిద్దిష్ భాషలో ఆ పేరుకు 'కూరిన చేప' అని అర్థం. మొదట్లో చేప మాంసాన్ని ముల్లు లేకుండా తీసి, నూరి, మళ్ళీ చేప తోలులోనే కూరి వండేవాళ్ళు. పోనుపోను తోలు మానేసి ఉండలు చేయడం మొదలుపెట్టారు.

ఇంత శ్రమ ఎందుకంటే, యూదులకు శుక్రవారం పొద్దు గూకినప్పటి నుంచి శనివారం చీకటి పడేదాకా విశ్రాంతి దినం. ఆ వేళ పొయ్యి వెలిగించరు, వంట చేయరు. మనం బియ్యంలో రాళ్ళు ఏరినట్టు తిండిలోంచి పనికిరానిది ఏరడం కూడా పని కిందికే వస్తుంది. చేప తింటూ ముళ్ళు ఏరడమూ అంతే. అందుకని ఆడవాళ్ళు ముందురోజే ముళ్ళన్నీ తీసేసేవాళ్ళు. నూరిన చేపలో ఉల్లిగడ్డ, గుడ్డు, రొట్టె పొడి కలిపితే ఒక్క చేప ఇంటిల్లిపాదికీ సరిపోతుంది. బీదింటికి ఆ లెక్క కూడా ముఖ్యమే కదా.

ఉండలను చేప తలకాయ, ముళ్ళు, ఉల్లిగడ్డ, క్యారెట్ వేసిన నీళ్ళల్లో గంటకు పైగా సన్నటి మంట మీద ఉడికిస్తారు. చల్లారితే ఆ నీళ్ళు జున్నులా గడ్డకడతాయి. శనివారం చల్లగానే తింటారు. పోలండ్ వైపువాళ్ళు చక్కెర వేస్తారు, లిథువేనియావాళ్ళు మిరియాలు వేస్తారు. ఎవరి రుచి అసలైనదని ఆ రెండు వైపులవాళ్ళకూ ఎప్పటి నుంచో ఎకసెక్కాలే.

ఇక ఇది నూనెలో ఎలా పడిందో చెప్తాను. 1290లో ఇంగ్లండ్ రాజు యూదులను దేశం నుంచి వెళ్ళగొట్టాడు. 1492లో స్పెయిన్ కూడా అదే పని చేసింది. 1497లో పోర్చుగల్ బలవంతంగా మతం మార్చింది. అలా చెదిరిపోయినవాళ్ళల్లో కొందరు, 1656లో ఇంగ్లండ్ మళ్ళీ తలుపు తీసినాక, లండన్ చేరారు. వాళ్ళతోపాటు వాళ్ళ చేప వేపుడూ వచ్చింది. శుక్రవారం నూనెలో వేయించి, శనివారం చల్లగా తినే వేపుడు. నెయ్యి, కొవ్వు అయితే చల్లారినప్పుడు గడ్డకడతాయి. నూనెకు ఆ బాధ లేదు. చార్లెస్ డికెన్స్ 1830లలో రాసిన 'ఆలివర్ ట్విస్ట్' నవలలోనే లండన్ వేపుడు చేపల దుకాణం మాట కనిపిస్తుంది.

1881 తర్వాత రష్యా సామ్రాజ్యంలో యూదుల ఇళ్ళ మీద దాడులు జరిగాయి. లక్షలమంది ఊళ్ళు విడిచారు. లండన్ చేరినవాళ్ళు ఎక్కువమంది తూర్పు లండన్ ఇరుకు గదుల్లో దిగి, బట్టలు కుట్టే పనిలో చేరారు. వాళ్ళ మూటలో ఉడికించే గెఫిల్టె ఫిష్ ఉంది. లండన్‌లో ముందే స్థిరపడిన యూదుల పెనంలో వేపుడు చేప ఉంది. రెండూ కలిసి, నూరిన చేపను బిళ్ళలు చేసి నూనెలో వేయించడం వచ్చింది. అమెరికాలో ఇప్పటికీ ఉడికించినదే మామూలు. ఇంగ్లండ్ యూదుల ఇళ్ళల్లో మాత్రం వేయించినది కూడా పండగ తిండే.

ఉడికించడానికి గంటకు పైగా పొయ్యి కావాలి, వేయించడానికి నిమిషాలు చాలు. పైగా జున్నునీళ్ళు లేవు కాబట్టి కాగితంలో చుట్టి పట్టుకుపోవచ్చు. పొద్దున్నుంచి రాత్రిదాకా కుట్టు పని చేసిన ఆడమనిషికి ఈ పద్ధతి ఎందుకు నచ్చి ఉంటుందో మనకు వేరే చెప్పాలా?

ఈ వేపుడు కథకు మన మిల్లులతో కూడా చుట్టరికం ఉంది. 1860 ప్రాంతంలో జోసెఫ్ మాలిన్ అనే యూదుడు తూర్పు లండన్‌లో వేపుడు చేపతో వేయించిన ఆలుగడ్డ కలిపి అమ్మాడంటారు. కాదు, 1863లో లాంకషైర్‌లోని మోస్లీ అనే మిల్లు ఊళ్ళో జాన్ లీస్ మొదలుపెట్టాడని ఇంకొందరంటారు. ఆ తగువు తీరలేదు గానీ, 'ఫిష్ అండ్ చిప్స్' లాంకషైర్ నూలు మిల్లుల ఊళ్ళల్లో గల్లీ గల్లీకీ పాకింది. అక్కడ ఆడవాళ్ళు కూడా మిల్లుకు పోయేవాళ్ళు. ఇంటికొచ్చి వంట మొదలుపెట్టే ఓపిక ఎక్కడిది? ఇంట్లో వండక కొని తెస్తున్నారని పెద్దమనుషులు వాళ్ళను తిట్టారు కూడా. మన బొంబాయి ఖానావళి లేకపోతే ఒంటరి మిల్లు కూలీలు ఏం తినేవాళ్ళో, అక్కడ ఆ దుకాణం లేకపోతే వాళ్ళూ అంతే. మా అమ్మ వైండింగ్ ఖాతాలో పని చేసింది. ఆమె పాళీ ముగించుకొని వచ్చి పొయ్యి ముందు కూర్చోవడం చూసినదాన్ని గనక, ఆ తిట్లు చదివితే నాకు ఒళ్ళు మండింది.

బొంబాయిలో ఉన్నవాళ్ళకు ఇంకో మాట. మనం చేపలు కొనే ససూన్ డాక్ 1875లో తెరిచారు. కట్టించింది బాగ్దాద్ నుంచి వచ్చిన యూదు కుటుంబానికి చెందిన ఆల్బర్ట్ ససూన్. బొంబాయిలో ఆ కుటుంబం మిల్లులూ నడిపింది. ఇక కొంకణంలో ఎన్నో వందల ఏళ్ళుగా ఉన్న బెనె ఇజ్రాయెల్ యూదులను చుట్టుపక్కలవాళ్ళు 'శనివార్ తేలీ' అనేవాళ్ళు. అంటే శనివారం గానుగ ఆపే నూనెవాళ్ళు అని. వాళ్ళది వేరే వంట, వేరే భాష. శనివారం మాత్రం ఒకటే.

నేను శీలావతి చేపతో చేశాను. బొంబాయిలో దీన్నే రోహు అంటారు. ఈత రెక్కలూ పొలుసులూ రెండూ ఉన్న చేపే యూదులు తింటారు. రొయ్యలు, పీతలు, పొలుసు లేని జెల్లలు పనికిరావు. ముల్లు తీసిన అరకిలో చేపకు ఒక పెద్ద ఉల్లిగడ్డ, ఒక గుడ్డు, చెంచా చక్కెర, సరిపడా ఉప్పు, మిరియాల పొడి వేసి నూరాను. వాళ్ళు పులియబెట్టని మాట్సా రొట్టె పొడి కలుపుతారు. నేను ఎండిన పుల్కాల పొడి నాలుగు చెంచాలు వేశాను. అరగంట ఆగి, తడిచేత్తో బిళ్ళలు తట్టి, మళ్ళీ ఆ పొడిలోనే దొర్లించి, మధ్యరకం మంట మీద ఎర్రగా వేయించాను. వాళ్ళు బీట్‌రూట్ కలిపిన ఒక ఘాటు దుంప పచ్చడితో తింటారు. నేను బీట్‌రూట్ తురుములో ఆవపిండి, నిమ్మరసం కలిపాను. తెల్లారి చల్లగా తింటేనే బాగుంది. చక్కెర మాత్రం మా అత్తకు నచ్చలేదు, ఆమె లిథువేనియా పక్షం!

ఉడికేది వేగింది, చేప మారింది, దేశం మారింది. ముందురోజే ముల్లు తీసిపెట్టడం, శనివారం ఇంటందరూ కలిసి కూర్చోవడం మారలేదు. ఆ వంట వాళ్ళదేనని చెప్పడానికి అది చాలు.

మన వంటలనూ మన తల్లులు ఇట్లాగే మార్చారు, దొరికిన పిండితో, మిగిలిన కిరసనాయిలుతో, పాళీకి పాళీకి మధ్య దొరికిన గంటలో. ఏ వంట మారింది, ఎవరు మార్చారు, ఎందుకు మార్చారు అన్నది పెద్దవాళ్ళు ఉన్నప్పుడే అడిగి రాసిపెట్టుకోండి.