ఆటలో నాయిక: ‘రాజీ’ పాత్ర పరిశీలన
కూచిపూడి భామాకలాపంలో సత్యభామ వేషానికి వేదాంతం సత్యనారాయణ శర్మ వంటి పురుష నటులు ప్రసిద్ధులు. వీడియో గేమ్‌లోనూ ఆడేవారు స్త్రీ అయినా పురుషుడైనా నాయిక పాత్రలో ప్రవేశిస్తారు. పుణెకు చెందిన నాడింగ్ హెడ్స్ గేమ్స్ సంస్థ 2020లో విడుదల చేసిన ‘రాజీ: యాన్ ఏన్షియంట్ ఎపిక్’ ఇందుకు ఉదాహరణ. అసురులు అపహరించిన తమ్ముడు గోలూ కోసం రాజీ దుర్గాదేవి ప్రసాదించిన త్రిశూలంతో పోరాడుతుంది.

అలంకారికులు చెప్పిన అష్టవిధ నాయికా విభజనకు నాయకునితో గల సంబంధమే ఆధారం. రాజీకి నాయకుడు లేడు. ఆమె సంకల్పమే కథను నడిపిస్తుంది. సత్యభామ కథ ముగింపు నటునికి ముందే తెలుసు. ఆటలో రాజీ వేసే ప్రతి అడుగూ ఆడేవారి నిర్ణయం. ఆమె ఓటమి వారి ఓటమి. చూసే నాయికపై సానుభూతి కలుగుతుంది, ఆడే నాయికపై బాధ్యత కలుగుతుంది. ఈ పాత్ర బలం అక్కడే ఉంది.