చీర ధరలో చేరని శ్రమ: చేనేతకు వ్యయ గణన ఆవశ్యకత

పూర్వపు నల్గొండ జిల్లాలోని పోచంపల్లి, పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోని గద్వాల, నారాయణపేట చేనేత చీరలకు పెట్టింది పేరు. ప్రస్తుతం పోచంపల్లి యాదాద్రి భువనగిరి జిల్లాలోను, గద్వాల జోగులాంబ గద్వాల జిల్లాలోను ఉండగా, నారాయణపేట 2019లో జిల్లా కేంద్రమైనది. ఈ మూడు నేతలకూ భౌగోళిక గుర్తింపు లభించినది. పోచంపల్లి ఇక్కత్‌కు 2004-05లోనే ఈ గౌరవం దక్కినది. అయితే ఆ పేరు నేత కుటుంబానికి ఆదాయంగా మారాలంటే చీర అసలు ఖర్చు ముందుగా తెలియవలసి ఉన్నది.

సాధారణ జమాఖర్చులు గడచిన సంవత్సరపు లావాదేవీలను చూపుతాయి. ఏ రకం నేయాలి, ఏ ధరకు అమ్మాలి అనే నిర్ణయాలకు తోడ్పడేది మేనేజ్‌మెంట్ అకౌంటింగ్. బయటివారి కోసం తయారయ్యే లెక్కలు సంస్థ నిర్వాహకులకు అంతగా ఉపకరించడం లేదని అమెరికా ఆచార్యులు జాన్సన్, కాప్లాన్ 1987లో ప్రచురించిన గ్రంథంలో వాదించారు. ఆ తరువాత ప్రతి పనికీ విడిగా ఖర్చు కట్టే పద్ధతి ప్రాచుర్యం పొందినది. పెట్టుబడిపై వడ్డీని కూడా తీసివేసిన తరువాత మిగిలినదే నిజమైన లాభమన్నది విలువ ఆధారిత నిర్వహణకు మూలసూత్రం.

ఉదాహరణకు, ఒక చీరకు నూలు, రంగులకు రూ.3,000, నేత కూలికి రూ.3,500 అయి, రూ.7,500కు అమ్ముడుపోయినదని అనుకుందాం. పైకి రూ.1,000 లాభం కనిపిస్తుంది. కానీ ఆసు పోయడం, చిటికి కట్టడం, కండెలు చుట్టడం వంటి ఇంటివారి పనికి రూ.1,000, మగ్గం అరుగుదలకు రూ.100, రెండు నెలలు నిలిచిన రూ.6,500 పెట్టుబడిపై నూటికి ఏడాదికి రూ.12 చొప్పున వడ్డీ రూ.130 కలిపితే లాభం పోయి రూ.230 నష్టం తేలుతుంది.

ఇక్కత్ చీరకు ఆసు పోయడంలో చేతిని సుమారు 9,000 సార్లు అటూ ఇటూ తిప్పవలసి ఉంటుంది. తరతరాలుగా ఈ భారం ప్రధానంగా స్త్రీలదే. తల్లి పడిన బాధను చూసిన ఆలేరు ప్రాంతవాసి చింతకింది మల్లేశం రూపొందించిన లక్ష్మీ ఆసు యంత్రం గంటల తరబడి సాగే ఈ పనిని సుమారు గంటన్నరకు తగ్గించినది. ఆయనకు 2017లో పద్మశ్రీ పురస్కారం లభించినది. ఆసు పనికి లెక్కలో చోటు లేని చోట ఈ యంత్రం కేవలం అదనపు ఖర్చుగానే కనిపిస్తుంది. ఆ గంటలకు వెల కట్టినప్పుడే అది ఎంత ఆదా చేస్తున్నదో తెలుస్తుంది.

ఇందుకు పెద్ద కార్యాలయం అవసరం లేదు. ప్రతి చీరకు ఒక పట్టిక ఉంచి, నూలు బరువు, రంగుల వెల, ఒక్కొక్క పనికి పట్టిన గంటలు, చేసినవారి వివరాలు, పెట్టుబడి నిలిచిన రోజులు నమోదు చేస్తే చాలును. ఏ చీర గిట్టుబాటవుతున్నదో, వ్యాపారి అడిగిన ధరకు ఎక్కడ కాదనాలో అప్పుడు చేనేత సహకార సంఘాలకు, నేత కుటుంబాలకు స్పష్టమవుతుంది. ఇంటి స్త్రీల శ్రమకు లెక్కలో చోటు దొరికితేనే అది ధరలోనూ చేరుతుంది.