శాసనం ఇక్కడిది, అధికారం లండన్‌ది

1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి వదులుకున్న దత్త మండలాల్లో భాగమై, 1882లో ఏర్పడిన అనంతపురం జిల్లాలో చేరిన తాడిపత్రి ప్రాంతపు ప్రజలకు తమను పాలించే చట్టాలపై నోరు విప్పే హక్కు దశాబ్దాల పాటు లేదు. 1861 నాటి కౌన్సిళ్ల చట్టం ప్రకారం మద్రాసు శాసనమండలి చేసిన ఏ చట్టానికైనా గవర్నరు, ఆపైన గవర్నర్ జనరల్ ఆమోదం తెలపాల్సి ఉండేది. ఆ తరువాత కూడా బ్రిటన్ రాణి, భారత వ్యవహారాల మంత్రి ద్వారా, దానిని రద్దు చేయగలిగేది. మండలి సభ్యులు నియమితులే తప్ప ప్రజలు ఎన్నుకున్నవారు కారు.

వానలు తక్కువైన ఈ నేలలో పశువుల మేత కూడా ఒక బతుకుతెరువు కాగా, ఆ మండలి చేసిన 1882 మద్రాసు అటవీ చట్టం ప్రభుత్వ అధీనంలోని రిజర్వు అడవుల్లో మేతకూ కట్టెలకూ ఆంక్షలు విధించింది. ఈ పరిస్థితుల్లో 1885లో బొంబాయిలో జరిగిన భారత జాతీయ కాంగ్రెస్ తొలి మహాసభకు పొరుగున ఉన్న గుత్తి నుంచి న్యాయవాది పి. కేశవ పిళ్లై హాజరయ్యారు. ఆ సభ శాసనమండళ్లలో ఎన్నికైన సభ్యులుండాలనీ బడ్జెట్లు వారి పరిశీలనకు రావాలనీ కోరింది.

ఇలాంటి ఫిర్యాదు కొత్తది కాదు. తమకు అవసరమైన చట్టాలకు బ్రిటన్ రాజు ఆమోదం నిరాకరించాడని 1776లో అమెరికా వలసలు ఫిర్యాదు చేశాయి. అయితే వారికి సొంత శాసనసభలైనా ఉండగా, ఇక్కడ సభే ప్రజలది కాదు కనుక ఇక్కడి అన్యాయం మరింత లోతైనది. చివరకు, ఇక్కడి చట్టాలను రద్దు చేసే బ్రిటన్ రాజు అధికారాన్ని 1947 భారత స్వాతంత్ర్య చట్టం తొలగించింది. శాసనం చేసే హక్కు ప్రజల ఓటుకు చెందినప్పుడే పాలన న్యాయమవుతుంది.