ఈ పేజీ ఎవరి పేరున ఉంది?

మా నాన్న తెనాలిలో దస్తావేజు లేఖరి. ఎంత కావలసినవాళ్లు వచ్చి తొందరపెట్టినా, ఆ ఆస్తి పాత లావాదేవీలు చూపే ఈసీ తీయించందే కాగితం మీద కలం పెట్టేవారు కాదు. ఒకే స్థలం ఇద్దరి పేర రిజిస్టరైతే రెండు కుటుంబాలు ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరగడం ఆయన కళ్లారా చూశారు. హైదరాబాద్‌లో నేను చేసే పనేమిటని అడిగితే, "మీరు చేసిందే నాన్నా, కాకపోతే భూమి బదులు మెమరీ" అన్నాను.

కంప్యూటర్ మెమరీని కెర్నల్ 4096 బైట్ల ముక్కలుగా కోసి పంచుతుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ ఈ కెర్నలే. ఒక్కో ముక్కని పేజీ అంటాం. 16 జీబీ లాప్‌టాప్‌లో ఇవి దాదాపు 42 లక్షలు. ఎంతమంది వాడుకుంటున్నారో ప్రతి పేజీకీ ఒక లెక్క ఉంటుంది. పట్టుకున్నవాడు ఒకటి కలపాలి, వదిలేటప్పుడు ఒకటి తీసేయాలి. సున్నాకి దిగిందంటే కెర్నల్ ఆ పేజీని ఇంకొకరికి ఇచ్చేస్తుంది.

వర్చువల్ మెషీన్ దగ్గర చిక్కు మొదలవుతుంది. ఒకే సర్వర్‌లో పది, ఇరవై కంప్యూటర్లు విడివిడిగా నడిచే ఏర్పాటు అది. లినక్స్‌లో ఆ పని చేసే భాగం పేరు కేవీఎం. ఇజ్రాయెల్‌లోని క్యుమ్రానెట్ కంపెనీ‌లో ఆవీ కివిటీ మొదలుపెట్టిన ఈ కోడ్ 2007 ఫిబ్రవరిలో లినక్స్ 2.6.20తో పాటు విడుదలైంది. లోపల నడిచే గెస్ట్ ఆ మెమరీ అంతా తనదే అనుకుని తన అడంగల్ తాను రాసుకుంటుంది. అసలు భూమి మాత్రం కింద ఉన్న సర్వర్‌ది, అంటే హోస్ట్‌ది. గెస్ట్ చెప్పే నంబరుకి అసలు పేజీ ఏదో చూపే రెండో పుస్తకం కేవీఎం రాస్తుంది. హోస్ట్ ఒక పేజీని వెనక్కి తీసుకుంటే ఈ రెండో పుస్తకంలోనూ కొట్టివేత పడాలి. పడలేదంటే గెస్ట్ వేరేవాళ్ల పొలంలో దున్నుతూనే ఉంటుంది.

2021లో గూగుల్ ఇంజనీర్ డేవిడ్ స్టీవెన్స్ పట్టుకున్న లోపాన్ని నేను మర్చిపోలేను. దాని నంబరు సీవీఈ-2021-22543. పరికరాలను నడిపే కొన్ని డ్రైవర్లు ఒక్కొక్క పేజీ అడక్కుండా ఎనిమిదో పదహారో కలిపి ఒకే ముక్కగా తీసుకుంటాయి. అప్పుడు మొదటి పేజీకి మాత్రమే ఒకటి అని లెక్క పడుతుంది, వెనకవాటన్నిటికీ సున్నాయే. అవి ఖాళీవి కావు. ఉమ్మడి కుటుంబంలో పొలమంతా పెద్దాయన పేరున ఉన్నట్టు, మొదటి పేజీ పేరున ఉన్నాయంతే. కేవీఎంకి ఆ సంగతి తెలీదు. గెస్ట్ ఆ వెనక పేజీల్లో ఒకదాన్ని ముట్టుకోగానే కేవీఎం దాని లెక్కకి ఒకటి కలిపింది. సున్నా ఒకటైంది. పుస్తకంలో నంబరు ఎక్కించి, తన పని అయిందని ఒకటి తీసేసింది. ఒకటి సున్నా అయింది. సున్నా చూసిన కెర్నల్ పేజీని ఖాళీల జాబితాలో వేసింది. డ్రైవర్ ఇంకా వాడుతూనే ఉంది, గెస్ట్ ఇంకా రాస్తూనే ఉంది, అదే పేజీ ఇంకెవరి పాస్‌వర్డ్ దాచడానికో పోతుంది. వర్చువల్ మెషీన్ నడిపే అనుమతి ఉన్నవాడెవడికైనా దీన్ని వాడుకుని మొత్తం యంత్రం మీద పెత్తనం తెచ్చుకునే వీలుండేది.

నికలస్ పిగ్గిన్ రాసిన దిద్దుబాటు కొద్ది లైన్లే. లెక్క సున్నాగా ఉంటే ఆ పేజీని ముట్టుకోవద్దు, గెస్ట్‌కి ఇవ్వడం కుదరదని చెప్పాలి.

ఇదంతా విని నాన్న అడిగారు: "మరి పెద్దాయన పేరున ఉన్న పొలం సంగతేంటమ్మా? దాన్ని న్యాయంగా సాగు చేసుకునేవాడికీ కాగితం ఇవ్వరా?"

నిజంగానే ఇవ్వలేదు. గ్రాఫిక్స్ మెమరీని గెస్ట్‌తో సక్రమంగా పంచుకోవాలనుకున్నవాళ్లకీ దారి మూసుకుపోయింది. దాన్ని మళ్లీ తెరవడానికి మూడేళ్లు దాటింది. స్టీవెన్స్ మొదలుపెట్టిన పనిని షాన్ క్రిస్టఫర్సన్ 85 ప్యాచ్‌లుగా పెంచి పూర్తిచేశారు. 2025 జనవరిలో విడుదలైన లినక్స్ 6.13లో అవి ఉన్నాయి. తాళం వేసి ఊరుకోకుండా తప్పు పుట్టిన చోటికే వెళ్లిన ఈ పనంటే నాకు ఎక్కువ గౌరవం. లెక్కే లేని పేజీకి కేవీఎం లెక్క పెట్టబోవడమే తప్పు. పేజీని కదిపే ముందు హోస్ట్ కేవీఎంకి నోటీసు ఇచ్చే పద్ధతి 2008 నుంచీ ఉంది. ఆ నోటీసుని నమ్ముకుంటే చాలు.

"నోటీసు వచ్చేసరికి ఇక్కడ సగం రాసేసి ఉంటే?" అన్నారు నాన్న. ముప్పై ఏళ్లు ఆ బల్ల దగ్గర కూర్చున్న మనిషి కదా.

అందుకూ ఏర్పాటుంది. కేవీఎం పని మొదలుపెట్టేముందు ఒక వరస నంబరు చూసి గుర్తుపెట్టుకుంటుంది. నోటీసు వచ్చి వెళ్లిన ప్రతిసారీ ఆ నంబరు మారుతుంది. పుస్తకంలో ఎక్కించబోయే ముందు, మధ్యలో ఇంకెవరూ మార్చకుండా తాళం పట్టుకుని మళ్లీ చూస్తుంది. మారి ఉంటే చేసింది వదిలేసి మొదటికి వస్తుంది.

నేను తప్పు చేసింది సరిగ్గా అక్కడే. మేం వాడే పాత కెర్నల్‌లోకి 2021 దిద్దుబాటు తెస్తూ ఒక ఫంక్షన్ తిరగరాశాను. పరీక్ష యంత్రంలో మామూలు పేజీలను కలిపి చేసే 2 ఎంబీ పెద్ద పేజీలు 1024 పక్కన పెట్టి, వర్చువల్ మెషీన్‌ని లేపడం, మెమరీని అటూఇటూ కదపడం, ఆపడం, రోజంతా ఇదే. ఆపిన ప్రతిసారీ ఖాళీ పేజీలు తిరిగి 1024 కావాలి. మధ్యాహ్నానికి 1023 చూపించింది. సాయంత్రానికి 1019. ఎర్ర అక్షరాల్లో ఒక్క హెచ్చరికా లేదు, ఏదీ కూలిపోలేదు. అయిదు పేజీలు ఎవరి పేరునో ఉండిపోయాయి, ఆ మనిషి మాత్రం లేడు.

రాత్రి పదకొండుకి దొరికింది. నంబరు మారిందని మొదటికి వెళ్లే దారిలో, అప్పటికే పట్టుకున్న పేజీని వదలకుండా వెళ్తున్నాను. ఒక్క లైను చేర్చి, పదివేలసార్లు తిప్పమని చెప్పి ఇంటికి వెళ్లాను. పొద్దున్న బ్యాగు భుజాన ఉండగానే తెర వెలిగించి చూశాను. 1024.