మీకు తెలుసా? కొత్త సీల్ వేసినా కారుతోందా?

పాత జీపు వెనక చక్రం దగ్గర గేర్ ఆయిల్ కారుతుంటే తప్పు ఆయిల్ సీల్‌ది కాకపోవచ్చు. యాక్సిల్ హౌసింగ్ మీదుండే వేలెడంత లేని బ్రీదర్ (లోపలి గాలి బయటికి పోయే దారి) మూసుకుపోయినా కారుతుంది.

బండి నడిచేకొద్దీ హౌసింగ్ లోపలి గాలి వేడెక్కుతుంది. 30 డిగ్రీల నుంచి 80 డిగ్రీలకు చేరి, బయటికి దారి లేకపోతే ఒత్తిడి దాదాపు 16 శాతం పెరుగుతుంది. ఆ ఒత్తిడికి ఆయిల్, సీల్ అంచును తోసుకుని బయటపడుతుంది. దేవరకొండ, అచ్చంపేట వైపు చల్క నేలల్లో తిరిగే బండ్లకైతే ఎర్రదుమ్ము, జిడ్డు కలిసి బ్రీదర్ మీద పెచ్చు కడతాయి. సీల్ మార్చడానికి యాక్సిల్ షాఫ్ట్ లాగేముందు బ్రీదర్‌ను విప్పి, డీజిల్‌తో కడిగి, గాలి కొట్టి చూడటం పెద్ద ఖర్చు లేని పని.

షాఫ్ట్ ఎలాగూ బయటికొస్తే, సీల్ ఆనే చోట గోరుతో గీరి చూడండి. గోరు గాడిలో తట్టుకుంటే కొత్త సీలూ నిలవదు.

కారింది బ్రేక్ ఆయిలేమో అన్న అనుమానం ముక్కు తీరుస్తుంది: గేర్ ఆయిల్ చిక్కగా, గంధకం వాసనతో ఉంటుంది. ఏ ఆయిలైనా బ్రేక్ లైనర్లకు అంటితే బ్రేక్ సరిగా పట్టదు. దోమలపెంట దాటి శ్రీశైలం డ్యామ్ వైపు ఘాట్ దిగే బండికి తడిసిన లైనర్లు కడిగి బిగించడం కుదరదు, మార్చాల్సిందే.